కుంకుమ పెట్టిన ప్యానెళ్లు

మా అమ్మ ఊపిరి కరెంటు మీద ఆధారపడి రెండో ఏడు నడుస్తుండగా, పలమనేరు దగ్గరి పల్లె నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. ఈసారి కూడా అక్క రాలేకపోతే, ద్రౌపదమ్మ జడకు పూలు పెట్టే వరుసను వేరే ఇంటికి ఇచ్చేద్దామని ఊరి పెద్దలు అనుకుంటున్నారట. ఎవరూ కోపంగా అనలేదట. ఆడబిడ్డకు ఆరోగ్యం బాగలేదు, పాపం, ఇంకా ఎన్నాళ్ళు ఆమెను ఇబ్బంది పెడతాం అన్నారట. మా వైపు ఒక మనిషి దగ్గర హక్కు తీసుకునేటప్పుడు కోప్పడరు, జాలిపడతారు. కోప్పడితే తిరిగి తిట్టవచ్చు. జాలిపడినవాణ్ణి ఏం చేస్తాం?

ఆ వరుస సంగతి చెప్పాలి. చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం భారతం జరుగుతుంది. ధర్మరాజుల గుడి దగ్గర రోజుల తరబడి కథ, నాటకం నడిచి, చివరి రోజు పగటిపూట దుర్యోధన వధ చేస్తారు. మైదానంలో దుర్యోధనుణ్ణి మట్టితో చేసి వెల్లకిలా పడుకోబెడతారు. ఇల్లంత మనిషి. భీముడి వేషగాడు ఆ మట్టి తొడ పగలగొట్టాక, ఆనాడు సభలో విరబోసుకున్న జుట్టును ద్రౌపది అక్కడే, ఆ మనిషి పక్కనే, ముడుచుకోవాలి. ఆ ఊళ్ళో ఆ జుట్టుకు నూనె రాసి, దువ్వి, పూలు పెట్టేది మా అమ్మ పుట్టింటి ఆడబిడ్డ. అమ్మకు ముందు ఆమె మేనత్త పెట్టేది. పెళ్ళయిన మరుసటి ఏడు నుంచి అమ్మ పెట్టింది. తిరుపతిలో బస్టాండు వెనక ఆమెకు ఇడ్లీల అంగడి ఉండేది. పండగలకు తెరిచేది, జ్వరాలకు తెరిచేది. ఏడాదికి ఆ ఒక్కరోజే మూసేది. నేను పుట్టిన రోజు మూసిందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ అంగడి పొయ్యే ఆమె ఊపిరితిత్తులను తినేసింది. కట్టెల పొయ్యి. మొదటిసారి చూసిన డాక్టరు, బీడీ అలవాటు ఉందా అని అడిగితే, "పొయ్యి తాగింది సామీ, నేను పక్కన కూసున్నా" అంది. డాక్టరు నవ్వాడు. తర్వాత ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి నవ్వడం మానేశాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక మిషను ఉంది. గాలిని పీల్చి, అందులోంచి ఆక్సిజన్ తీసి, సన్నని పైపు ద్వారా అమ్మ ముక్కుకు అందిస్తుంది. ఆ పైపు వంటింటి దాకా సాగుతుంది, వీధి గుమ్మం దాకా సాగదు. అమ్మ దేశం సరిహద్దులు అంతే. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. అదీ పోతే చిన్న సిలిండర్ ఒకటి ఉంది, కానీ అది ఆసుపత్రికి చేరే లోపల వాడుకోవడానికి. దాన్ని నమ్ముకుని ప్రయాణాలు పెట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పల్లెకు పోతే మేనమామ ఇంట్లో ప్లగ్గు పెట్టుకోవచ్చు కదా అంటారు. మిగతా రోజుల్లో పెట్టుకోవచ్చు. భారతం చివరి రోజున మాత్రం పొద్దున్నే ఊరంతా కరెంటు తీసేస్తారు. అమ్మవారిని ట్రాక్టరు మీద ఎంత ఎత్తుగా అలంకరిస్తారంటే, తీగలు ఆమె కిరీటానికి తగులుతాయి. ఊరేగింపు గుడికి తిరిగి చేరేదాకా లైన్‌మన్ కూడా గుంపులోనే ఉంటాడు, దండం పెట్టుకుంటూ. జనరేటర్ బాడుగకు తెద్దామని మేనమామ అన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. పొగతో పోయిన ఊపిరికి మళ్ళీ పొగ పక్కన పెడతామా అన్నాడు. మా పాత వ్యాను ఇంజను ఆన్‌లో పెట్టుకోవడమూ ఆ కారణంగానే కుదరదన్నాడు. ఆ తర్వాత చాలాసేపు బయట నిలబడి తన బండిని చూశాడు.

మా నాయన జీవితమంతా యాత్రికుల వ్యాను తోలాడు. కొండ దిగినవాళ్ళను కాళహస్తికీ, కాణిపాకానికీ, ఇంకా ఎక్కడికంటే అక్కడికీ తిప్పాడు. ఆ బండిలో మా అమ్మ కూర్చున్నది బహుతక్కువ. సీటు ఖాళీగా ఉంటే కదా. ఇప్పుడు బండికి వయసైపోయి, యాత్రికులను ఎక్కించుకునే అనుమతి పోయి, ఇంటి పక్కన నిలబడి ఉంది. నాయన వారం తిరక్కుండా సీట్లన్నీ విప్పేశాడు. అమ్మకు ఒక మంచం బిగించాడు. కిటికీలకు దోమల వల, పైన ఫ్యాను, మూలన కుర్చీలాంటి మరుగుదొడ్డి. పొయ్యి మాత్రం పెట్టలేదు. ఆక్సిజన్ దగ్గర మంట పనికిరాదని ఒక కారణం. పొయ్యి అనే వస్తువు మీద ఆయనకు వ్యక్తిగతమైన పగ ఉందని రెండో కారణం.

"పైన ఎండను పట్టే ప్యానెళ్లు పెడదాంరా. నువ్వు బిగిస్తావు గదా" అన్నాడు నాతో.

నేను సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను. అరచేతిలో పట్టేదాకా నా విద్య. తలుపంత వస్తువును బండి నెత్తిన బిగించి, దానితో మా అమ్మను బతికించమంటే ఆ విద్య చాలదని నాకు తెలుసు. అలాగే నాయనా అన్నాను. నాకంటే ధైర్యవంతుడైన కొడుకు ఆయనకు ఇంకొకడు లేడు మరి.

బిగించే ముందు ప్యానెళ్లను ఇంటి ముందు మంచాల మీద ఎండలో పరిచి, మీటర్ పెట్టి చూశాను. రెండూ బాగా ఇస్తున్నాయి. అసలు తగాదా పైకి ఎక్కించేటప్పుడు వచ్చింది. నేను డ్రిల్లింగ్ మిషను పట్టుకుని నిచ్చెన ఎక్కాను. నాయన నిచ్చెన కింద అడ్డంగా నిలబడ్డాడు.

"నెత్తికి బొక్కలు పెడతావా? ఇన్నేండ్లలో ఒక్క సుక్క నీళ్ళు లోపల పడనీలేదు దీన్ని."

బండి పైన పాత లగేజీ క్యారియర్ ఉంది. ఎంతో మంది యాత్రికుల మూటలు మోసిన ఇనప చట్రం. ప్యానెళ్లను దానికే తాడుతో కడతానన్నాడు. తన ముడి ఇంతవరకు వదులు కాలేదన్నాడు. అద్దాన్ని తాడుతో కడితే మొగిలి ఘాటు దాటేసరికి చట్రం మాత్రమే మిగులుతుందని నేనన్నాను. అటూ ఇటూ లాక్కుని చివరికి ఇద్దరం సగం సగం గెలిచాం. బొక్కలు బండికి కాదు, క్యారియర్‌కు పెట్టాం. అల్యూమినియం పట్టీలు, బోల్టులు, అదురు తగలకుండా మధ్యలో పాత ట్యూబు కోసిన రబ్బరు ముక్కలు. ప్యానెళ్లకూ బండి నెత్తికీ నడుమ గాలి ఆడేట్టు ఖాళీ వదిలాం, ఎందుకంటే అవి ఎండను తింటాయి గాని, వేడెక్కితే వాటికీ మనకు లాగే చిరాకు వస్తుంది. వైర్లను వెనక తలుపు రబ్బరు పక్కగా లోపలికి దించి, మంచం కింద బ్యాటరీలకు కలిపాను. అంతా అయ్యాక నాయన తన తృప్తి కోసం ఒక తాడు కూడా కట్టాడు. నేను చూడనట్టు ఉన్నాను.

నేను బండి లోపల వైర్లతో కుస్తీ పడుతున్న ఆ మొదటి పొద్దున, ప్యానెళ్లు ఇంకా మంచాల మీదే ఉండగా, అమ్మ వాటి దగ్గరికి వచ్చింది. వీధి గుమ్మం దాకా పైపు రాదని చెప్పాను కదా. అందుకని నాయన మిషనునే గుమ్మం దగ్గరికి జరిపాడట. ఆమె కుర్చీలో కూర్చుని, ఒక్కో ప్యానెల్‌కు పసుపు, కుంకుమ పెట్టింది. ఇది నేను తర్వాత తెలుసుకున్నది కాదు, అప్పుడే చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో ఫ్రిజ్‌కు బొట్టు ఉంది, గ్రైండర్‌కు ఉంది, ఆక్సిజన్ మిషనుకు కూడా ఉంది. బొట్టు లేనిది మా ఇంట్లో నేనొక్కణ్ణే.

అన్నీ కలిపి స్విచ్చి వేస్తే చిన్న తెర మీద అంకెలు వెలిగాయి. నాయన చేతులు జోడించాడు. నేను అంకెలు రెండోసారి చూశాను. మంచాల మీద ఇచ్చినదాంట్లో పదో వంతు కూడా రావడం లేదు. నడినెత్తిన సూర్యుడు ఉన్నాడు. మబ్బు తునక లేదు. ఆ కరెంటుతో ఫ్యాను తిరుగుతుంది, అమ్మ మిషను తిరగదు.

వైర్లన్నీ విప్పి మళ్ళీ కలిపాను. జాయింట్లు మార్చాను. కంట్రోలర్ పెట్టె మూత తీసి వాసన చూశాను, ఎందుకంటే ఫోన్లు రిపేరు చేసేవాళ్ళం ఏమీ తోచకపోతే వాసన చూస్తాం. నాయన అయితే బోల్టులు బిగించేటప్పుడు నేను ప్యానెల్ మీద మోకాలు పెట్టినట్టు గుర్తు చేసుకున్నాడు. నేను ఆయన తాడును అనుమానించాను. మధ్యాహ్నం అన్నం తినకుండా ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

భారతానికి ఎక్కువ రోజులు లేవు. మేనమామకు ఏం చెప్పాలో నాయన గొణుక్కోవడం మొదలుపెట్టాక, చివరిసారి చూద్దామని బండి పైకెక్కాను. బిగించేటప్పుడు కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోనిది అప్పుడు కనిపించింది. అమ్మ ప్యానెళ్లకు బొట్లు పెట్టలేదు. గడపకు చేసినట్టు చేసింది. ప్యానెల్ కింది అంచున ఉన్న గళ్ల వరుస మొత్తానికి నూనెలో కలిపిన పసుపు దట్టంగా పూసి, దాని మీద వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. ఎంత శుభ్రంగా పూసిందంటే ఒక్క గడి కూడా వదల్లేదు. ఎండకు అది పెంకు కట్టుకుపోయింది. మిగతా ప్యానెలంతా తళతళలాడుతోంది.

ప్యానెల్లో గళ్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి. డ్రిప్పు పైపును ఒక్కచోట తొక్కిపెడితే ఆ పైపు కింద చెట్లన్నీ ఎండినట్టు, ఒక వరుసకు ఎండ తగలకపోతే మిగతా వరుసల్లో పుట్టిన కరెంటూ ఆగిపోతుంది. ఇదంతా నాయనకు చెప్పి, గుడ్డ తడిపి ఇమ్మన్నాను.

ఆయన గుడ్డ తడపలేదు, పొడిగానే చేతిలో పట్టుకున్నాడు. బండి పైకి ఎక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"సుమంగళి పెట్టిన కుంకుమ. తుడస్తారా ఎవురన్నా?"

అది అద్దం నాయనా అన్నాను. దేవుడి పటమూ అద్దమే కదరా అన్నాడు. నేను ఇంకేదో సైన్సు చెప్పబోయాను. ఆయన నా వైపు చూడలేదు. పసుపు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"తుడిస్తే నాకేమన్నా అయితాదని బయం ల్యా. అయితే కానీ. నేను పోతే దాన్ని ఎవురు సూస్తారురా? నువ్వు సూస్తావు, నాకు తెలుసు. కానీ రాత్రి పైపు మడత పడితే నీకు మెలకువ రాదు. నాకు వస్తాది."

ఇంత మాట అన్నాక అక్కడ కూర్చోలేక, దిగిపోదామని లేచాడు. నిచ్చెన నా అవతలి వైపు ఉంది, నన్ను దాటితే గాని అందదు. అందుకని మళ్ళీ కూర్చున్నాడు. ఇద్దరం కాసేపు అలాగే కాలుతున్న రేకు మీద కూర్చున్నాం. మాకు తోడుగా తడిలేని గుడ్డ ఒకటి.

మంచం ఎలా ఉందో చూడటానికి నాయన ఆ పూట అమ్మను మిషనుతో సహా బండిలోకి చేర్చి, ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్గు ఇచ్చాడు. బండి నెత్తి పల్చటి రేకు. పైన మాట్లాడింది కింద మంచం మీద ఉన్న మనిషికి వినపడుతుందని మా ఇద్దరికీ తట్టలేదు. కింద నుంచి అమ్మ రేకును వేళ్ళతో కొట్టింది. నేను కిటికీ దగ్గరికి తల వంచాను. ఆమె రెండు మాటలకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. అందువల్ల ఆమె చెప్పే ప్రతిదీ తీర్పులా ఉంటుంది.

"తుడవొద్దు. నీళ్ళు పొయ్యండి. అబిసేకం చేస్తే సామి బొట్టు పోతాది. దాన్ని ఎవురన్నా తుడిచినారంటారా?"

నాయన ముఖం చూసే అవకాశం నాకు రాలేదు. ఆయన అప్పటికే నన్ను దాటుకుని నిచ్చెన దిగుతున్నాడు. బిందెలతో నీళ్ళు అందించాడు, నేను పోశాను. నూనె పసుపు మామూలు నీళ్ళకు లొంగలేదు. కుంకుడుకాయల రసం తీసి పంపాడు. తలంటు కూడా అభిషేకంలో భాగమే అన్నాడు. పాలు కూడా తెస్తానన్నాడు గాని, జిడ్డు అంటుకుని మళ్ళీ మొదటికి వస్తుందని నేను చేతులెత్తి మొక్కాను. పసుపు కరిగి కిటికీల మీదుగా కారింది. లోపలి తెర మీద అంకె మెల్లగా పెరిగింది, తర్వాత ఒక్కసారిగా పెరిగింది. మిషను ప్లగ్గును ఇంటి కరెంటు నుంచి బండి కరెంటుకు మార్చాం. అది ఆగకుండా తిరిగింది. నాయన బండి పక్కన నేల మీద కూర్చున్నాడు, రేడియేటర్‌లో నీళ్ళు పోసి అలిసిపోయినవాడిలా. కొత్తగా కుంకుమ అల్యూమినియం అంచుల మీద పెట్టించాం, గళ్లకు తగలకుండా.

బయలుదేరిన రోజు తెల్లవారకముందే లేచాం. అమ్మ ఒళ్ళో పూల పొట్లం, నూనె సీసా, దువ్వెన. చిత్తూరు దాటేదాకా కళ్ళు మూసుకునే ఉంది. ఘాటు ఎక్కుతుంటే కిటికీ పక్కకు జరిగి, అన్నీ చూసింది. ఒకచోట ఆమె దోమల వల జరిపి, చెయ్యి కిటికీ బయటికి పెట్టి గాలిని పట్టుకుంది. దాన్ని నాయన అద్దంలో చూశాడు. బండి స్పీడు కొంచెం తగ్గించాడు. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

పల్లె చేరేసరికి కరెంటు తీసేశారు. మైదానం అంచున బళ్ళన్నీ చింతచెట్ల కింద నిలిపి ఉన్నాయి. నాయన కూడా అక్కడే, అన్నిటికంటే చల్లటి నీడ వెతికి మరీ నిలిపాడు. జీవితమంతా యాత్రికుల కోసం నీడ వెతికిన మనిషి. ఎండను తినే బండిని నీడలో పెట్టామన్న సంగతి మాకు వెంటనే తోచలేదు. నాకు తోచకపోవడానికి నా దగ్గర సాకు కూడా లేదు. మేనమామ వచ్చాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు, ఉగ్గాని తెచ్చాడు. తిన్నాం.

ఎండ లేని పొద్దులో ప్రయాణం చేసినందువల్ల బ్యాటరీలు అప్పటికే సగం ఖాళీ. పైగా భీముడు తొందర పడేవాడు కాదు. దుర్యోధనుణ్ణి వెతుకుతూ గదతో వీధి వీధీ తిరుగుతాడు. ఇంటింటి దగ్గర ఆగుతాడు. దుర్యోధనుడు ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుసు, మైదానం మధ్యలో కొండలా పడుకుని ఉన్నాడు. ఒక్క భీముడికే తెలియదు. పొద్దెక్కింది. నేను యథాలాపంగా తెర చూశాను. బ్యాటరీ అంకె అడుగుకు చేరింది. పైన ప్యానెళ్ల మీద చింతాకు నీడ చల్లగా ఊగుతోంది.

అమ్మకు చెప్పలేదు. నాయనకు చెప్పాను. ఆయన చెట్లను చూశాడు, తర్వాత తన రెండు చేతులను చూసుకున్నాడు. ఊరి బయట రోడ్డు మీదికి పోతే ఎండ ఉంది గాని, వచ్చిన దారి అప్పటికే జనంతో మూసుకుపోతోంది. పోతే పోవడమే, వధ ముగిసేలోపు తిరిగి రాలేం. సిలిండర్ తీసుకుని ఇక ఇంటికి పోదామని నేనన్నాను. ఆ మాట అమ్మ విన్నది. పొట్లం ముడి విప్పుతున్నది ఆగింది. మళ్ళీ ముడి వేసుకుంది.

చుట్టుపక్కల ఎండ ఉన్న చోటు ఒక్కటే మిగిలింది. దుర్యోధనుడు పడుకున్న చోటు.

నాయన చెప్పులు విడిచి నడుచుకుంటూ మైదానంలోకి పోయి, ఊరి పెద్దాయన ముందు నిలబడ్డాడు. పెద్దాయనది తెల్ల పంచె, నుదుట అడ్డబొట్టు. అంతా విని ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సెప్పులతో రాని సోటికి టైర్లతో వస్తావా అప్పా?"

నాయన వాదించలేదు. యాత్రికులతో ఇన్నేళ్ళు గడిపిన మనిషికి వాదించడం తెలియకపోదు. కానీ ఆయన పక్కకు జరిగి, దూరంగా బండి వెనక తలుపు వైపు చూపించాడు. తలుపు తెరిచి ఉంది. అమ్మ అంచున కూర్చుని ఉంది. ముక్కుకు పైపు. ఒళ్ళో పొట్లం. పెద్దాయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత బండి దాకా నడిచి వచ్చాడు.

"పాపా. నువ్వేనా? ఇంతగా అయిపోయినావే."

అమ్మకు అరవై దగ్గర పడుతోంది. పుట్టిన ఊళ్ళో ఇంకా పాపే. ఆమె లేవబోయింది. వద్దని సైగ చేసి, ఆయన మిషను వైపు చూశాడు. దానికి ఎంతసేపు కరెంటు ఉందని నన్ను అడిగాడు. చాలా తక్కువ అన్నాను. ఎండ తగిలితే ఎంతసేపైనా వస్తుందన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఎవరితోనో, టైర్లకు నీళ్ళు కొట్టండి అన్నాడు. అంతే.

తర్వాత జరిగినదాన్ని మా నాయన డ్రైవర్ జీవితంలో పెద్ద ఘట్టమని చెప్పాలి. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. తలుపు దుర్యోధనుడి వైపు ఉండాలి గనక బండిని వెనక్కి తోలాలి. పదిమంది ఏకకాలంలో రా, రా, ఆపు అని చెబుతుంటే, వాళ్ళలో ఒక్కరి మాటా వినకుండా, ఉత్త కాళ్ళతో, అద్దాల్లో చూసుకుంటూ తోలాడు. ఎడమ పక్క మట్టి పాదం గుడిసె అంత ఉంది. అది కాస్త తగిలినా భీముడికి పని లేకుండా పోయేది. తగల్లేదు. బండి తొడ పక్కన ఆగింది. ఎండ నెత్తి మీద పడింది. లోపల తెర మీద అంకె కదలడం చూసి నేను చెయ్యి ఎత్తాను. నాయన స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

భీముడు చివరికి దుర్యోధనుణ్ణి కనుక్కున్నాడు. తొడ పగిలింది. లోపల పోసి ఉంచిన ఎర్రనీళ్ళు మట్టిలోకి పారాయి. డప్పులు పెద్దగా మోగి, ద్రౌపది వేషగాడు పరుగున వచ్చి బండి తలుపు మెట్టు మీద కూర్చున్నాడు. ఉపవాసంతో కళ్ళు లోపలికి పోయిన మగమనిషి. చెంపల మీద రంగు కింద గడ్డం గరుకు. జుట్టు వీపంతా పరుచుకుంది. అమ్మ వెనక కూర్చుని నూనె సీసా తీసింది. ఆయన తల తిప్పకుండా, ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"సవరం నాది కాదమ్మా. నూనె రవంతే పెట్టు."

డప్పులు ఆగిపోయాయి. జుట్టు ముడిచేదాకా మళ్ళీ మోగకూడదు. అంత జనంలో ఒక్క శబ్దం లేదు, మా మిషను తప్ప. అది గాలి లాగి, వదిలి, మళ్ళీ లాగుతోంది. మా ఇంట్లో దాన్ని మేము వినడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఊరంతా వింటోంది. అమ్మ దువ్వడం మొదలుపెట్టింది. ఒక పాయ దువ్వి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊపిరి తీసుకునేది. మళ్ళీ ఎత్తేది. జడ అల్లడానికి చాలాసేపు పట్టింది. ఎండలో నిలబడ్డ పిల్లలకు తల్లులు కొంగులు కప్పారు. భీముడు గద దించి, దాని మీద ఆనుకున్నాడు. ఎవరో గుంపులోంచి కాస్త తొందరగా కానిమ్మన్నారు.

"పాపను పెట్టనీండప్పా," అన్నాడు పెద్దాయన. "దుర్యోధనుడు యాడికీ పోడు."

పూలు చుట్టడం అయ్యాక అమ్మ ద్రౌపది తల మీద అరచెయ్యి ఉంచి తీసింది. వేషగాడు లేచి, బండి వైపు తిరిగి, ఆమె పాదాలకు మొక్కాడు. డప్పులు మోగాయి. జనం అమ్మవారి వెంట నిప్పుల గుండం వైపు కదిలారు. నాయన డ్రైవర్ సీటులోంచి దిగి వచ్చి పైపు మడత పడిందేమో చూశాడు. పడలేదు.

పెద్దాయన వెంటనే పోలేదు. తలుపు దగ్గర నిలబడి, బండి నెత్తి వైపు ఒకసారి, మట్టి మనిషి వైపు ఒకసారి చూసి లెక్క వేసుకున్నాడు.

"వచ్చే ఏడూ బండి ఈడికే తెండి. దుర్యోధనుణ్ణి రవంత పక్కకు పండబెడతాము. అప్పుడు తిప్పుకునేదానికి వీలుగా ఉంటాది."

అమ్మ తల ఊపింది. మాట్లాడటానికి ఆమెకు అప్పుడు ఊపిరి చాలలేదు.